ఒకే బిళ్ళలో రెండు జబ్బులు: అమ్మతో మా రెండేళ్ళు

అమ్మ మెడ మీద బిళ్ళ ఉందని మొదట చూసింది నేను కాదు, పక్కింటి పిన్ని. 2023 వినాయక చవితి ముందు రోజు ఇద్దరూ అరుగు మీద కూచుని ఏకులు చుడుతుంటే, "ఒదినా, మెడ మీద ఏటిది, సింతగింజలా ఉన్నాది?" అందట. అమ్మ తడుముకుంటే ఒకటి కాదు, నాలుగున్నాయి. నొప్పి లేదు. నొప్పి లేదు కాబట్టి నాకు చెప్పలేదు.

మాది పొందూరు. అమ్మకి అప్పటికి అరవై మూడేళ్ళు. నాకు ఊహ తెలిసిన దగ్గర్నుంచి ఆవిడ చేతిలో పత్తి లేని రోజు లేదు. వాలుగ చేప దవడ ఎముకతో కొండపత్తిని దువ్వడం, గింజ తీయడం, ఏకు చుట్టి అరటి దవ్వలో పెట్టుకోవడం, రాట్నం ముందు కూచోవడం, ఇదే ఆవిడ బతుకు. నాన్న పోయి ఏడేళ్ళయింది. నేను పక్క ఊళ్ళో ప్రాథమిక పాఠశాలలో పని చేస్తాను. తమ్ముడు హైదరాబాదులో ఉంటాడు.

చవితి వెళ్ళాక సాయంత్రం జ్వరాలు మొదలయ్యాయి. పొద్దున్నే ఏమీ ఉండదు, దీపాలు పెట్టే వేళకి ఒళ్ళు కాలిపోయేది. రాత్రి చెమటలకి జాకెట్టు పిండితే నీళ్ళు కారేవి. అన్నం సయించక నెలన్నరలో ఆరు కిలోలు తగ్గింది. అప్పుడు చెప్పింది బిళ్ళల సంగతి.

శ్రీకాకుళంలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. మెడ బిళ్ళకి సూది పరీక్ష చేశారు. ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే ఈఎస్సార్ అనే రక్తపరీక్ష నూటెనిమిది వచ్చింది. రిపోర్టులో టీబీ అని లేదు. టీబీ కోసం విడిగా చేసిన పరీక్షలో కూడా క్రిమి కనపడలేదు. అయినా "ఈ వయసు, ఈ జ్వరం, ఈ బిళ్ళలు... టీబీయే అయుంటుంది" అని మందులు మొదలుపెట్టారు. మన వైపు బిళ్ళలంటే టీబీయే ముందు గుర్తుకొస్తుంది, చాలాసార్లు అదే నిజమవుతుంది కూడా. అందుకే నేనూ మారు మాట్లాడలేదు. కొన్ని వారాలు క్రమం తప్పకుండా వేశాను. జ్వరం తగ్గలేదు. పైగా వీపు మీద, చేతుల మీద ఎర్రటి దద్దుర్లు, దురద.

ఇక్కడే మేం పెద్ద పొరపాటు చేశాం. దద్దుర్ల కోసం చర్మం డాక్టరుకి చూపిస్తే, మందు పడలేదేమో అని పది రోజులకి స్టెరాయిడ్ మాత్రలు రాశారు. మూడో రోజుకే దద్దుర్లు మాయమయ్యాయి. జ్వరం పోయింది. మెడ మీద గడ్డలు చేతికి తగలకుండా పోయాయి. అమ్మ అన్నం అడిగి పెట్టించుకుంది. ఇంటిల్లిపాదీ అరసవల్లి వెళ్ళి సూర్యనారాయణమూర్తికి మొక్కు తీర్చుకుని వచ్చాం. కార్తీక మాసం దాటేసరికి అన్నీ తిరిగొచ్చాయి, ముందుకన్నా పెద్దవై. ఈసారి చంకల్లోనూ గజ్జల్లోనూ. ఏకై వచ్చి మేకై కూర్చోవడం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. అమ్మకి చివరికి తేలింది లింఫోమా, అంటే లింఫు గ్రంథుల క్యాన్సర్. ఆ కణాలు స్టెరాయిడ్‌కి కొన్నాళ్ళు కరుగుతాయట. ముక్క పరీక్ష చేయకుండా స్టెరాయిడ్ పడితే జబ్బు ముసుగేసుకుంటుందని, ఆ తర్వాత తీసిన ముక్కలో కూడా సరిగ్గా దొరక్కపోవచ్చని విశాఖ డాక్టరు గారు చెప్పినప్పుడు నాకు కాళ్ళు వణికాయి.

2024 సంక్రాంతి వెళ్ళిన వారం, పొందూరు స్టేషన్లో ప్యాసింజరెక్కి విశాఖ వెళ్ళాం. అక్కడ డాక్టరు గారు అమ్మ మెడ, చంకలు, గజ్జలు, పొట్ట అన్నీ పది నిమిషాలు తడిమి చూసి ఒకటే మాటన్నారు: "సూదితో కాదమ్మా, బిళ్ళ మొత్తం తీయాలి." సూదితో వచ్చేవి విడివిడి కణాలు. బిళ్ళ మొత్తం తీస్తే ఏ కణం పక్కన ఏ కణం ఉంది, లోపలి అమరిక చెదిరిందా లేదా తెలుస్తుంది. లింఫోమాలో ఆ అమరికే అసలు ఆధారం. మత్తిచ్చి మెడ పక్క నుంచి పెద్ద ఉసిరికాయంత గడ్డ ఒకటి తీసి ఫార్మాలిన్ సీసాలో వేశారు.

రిపోర్టుకి పన్నెండు రోజులు పట్టింది. "డిఫ్యూజ్ లార్జ్ బి సెల్ లింఫోమా, ఈబీవీ పాజిటివ్" అని ఉంది. తెల్లకణాల్లో బి అనే రకానికి వచ్చే క్యాన్సర్. ఈబీవీ అంటే ఎప్‌స్టీన్ బార్ అనే వైరస్. పెట్ స్కాన్‌లో మెడ, చంకలు, పొట్ట లోపల, గజ్జలు, ప్లీహం అన్నీ వెలిగాయి, అంటే జబ్బు అక్కడంతా ఉన్నట్టు. ఆరు గంటలు ఏమీ తినకుండా ఉండి, చక్కెరలాంటి మందు ఎక్కించుకుని, గంట సేపు కదలకుండా పడుకోవాలి ఆ స్కాన్‌కి. అమ్మ ఆ గంటా కళ్ళు మూసుకుని వేళ్ళతో నూలు తీస్తూనే ఉంది, చేతిలో ఏమీ లేకుండా. నర్సమ్మ వచ్చి చేతులు కదపొద్దంటే మానేసింది.

ఫిబ్రవరిలో కీమో మొదలు. ఆర్-చాప్ అంటారు, ఇరవయ్యొక్క రోజులకొకసారి. అందులో రిటుక్సిమాబ్ అనేది బి కణం మీదుండే సీడీ 20 అనే గుర్తును పట్టుకుని చంపుతుంది. అమెరికాలో 1997లో అనుమతి పొందిన మందు అది. ఎక్కించే ముందు హెపటైటిస్ బి పరీక్ష తప్పనిసరిగా చేశారు, ఒంట్లో అణగి ఉన్న ఆ వైరస్ ఈ మందుతో లేచి కాలేయాన్ని దెబ్బతీయొచ్చట. మొదటి రోజు చలీ వణుకూ వచ్చి, ఆపి, మళ్ళీ మెల్లగా ఎక్కించేసరికి సాయంత్రం అయింది. ఎర్ర మందు పడిన రోజు మూత్రం కూడా ఎర్రగా వస్తుంది. ఎవరూ ముందు చెప్పకపోతే రక్తమనుకుని గుండె ఆగిపోతుంది. మాకు చెప్పారు. ఖర్చు చాలావరకు కార్డు మీదే గడిచింది. పేరు ఎన్టీఆర్ వైద్య సేవ అని మారినా మేమింకా ఆరోగ్యశ్రీ అనే అంటాం.

రెండో కీమో అయిన తొమ్మిదో రోజు రాత్రి పదకొండింటికి ఒళ్ళు వెచ్చబడింది. థర్మామీటర్లో 101. పొద్దున్న చూద్దాంలే అంది అమ్మ. కీమో తర్వాత వారం నుంచి రెండు వారాల మధ్య తెల్లకణాలు బాగా పడిపోతాయని, ఆ రోజుల్లో 100.4 దాటితే తెల్లారేదాకా ఆగొద్దని చీటీ మీద రాసిచ్చారు. ఆ చీటీ గోడకి అంటించి ఉంది. పక్కింటి తమ్ముడి ఆటోలో శ్రీకాకుళం పెద్దాసుపత్రికి వెళ్ళాం. తెల్లకణాలు ఆరువందలున్నాయి. ఐదు రోజులు యాంటీబయాటిక్స్ ఎక్కించారు. ఆ రాత్రి ఆగి ఉంటే ఇది రాయడానికి నాకు మనసొచ్చేది కాదు.

ఇంకో సంగతి, చాలామంది పట్టించుకోనిది. ఆర్-చాప్‌లోనే ఉండే విన్‌క్రిస్టిన్ అనే మందు నరాల మీద పని చేస్తుంది. వేళ్ళ కొసలు తిమ్మిరెక్కుతాయి. ఒక రోజు నేను బడి నుంచి వచ్చేసరికి అమ్మ రాట్నం ముందు కూచుని ఉంది. పక్కన తెగిన నూలు ముక్కలు కుప్పగా. "తెగిపోతన్నాదే. పోగు ఉన్నాదో లేదో సేతికి తెలట్లేదు" అంది. నూరో నంబరు సన్న నూలు కళ్ళు మూసుకుని తీసే మనిషి. డాక్టరు గారికి చెబితే వెంటనే మందు మోతాదు తగ్గించారు. చెప్పకపోతే వాళ్ళకెలా తెలుస్తుంది? చిన్నదనుకున్నదైనా చెప్పండి.

మూడు కీమోలయ్యాక ఏప్రిల్లో మళ్ళీ పెట్ స్కాన్. మెడ శుభ్రంగా ఉంది. కానీ గజ్జలూ కుడి చంకా అలాగే వెలుగుతున్నాయి. వీపు మీద దద్దుర్లు తిరిగొచ్చాయి. కొన్ని పూర్తిగా పోయి కొన్ని అసలు తగ్గకపోవడమేమిటని డాక్టరు గారు గజ్జల్లో బిళ్ళ తీయించారు. ఈసారి రిపోర్టులో ఉన్న పేరు వేరు: యాంజియోఇమ్యునోబ్లాస్టిక్ టి సెల్ లింఫోమా. టి అనే ఇంకో రకం తెల్లకణాల క్యాన్సర్.

ఆ కాగితం వాట్సాప్‌లో పంపగానే తమ్ముడు ఫోన్ చేసి అరిచాడు. "మూడు నెలలు తప్పుడు జబ్బుకి మందు వేశారా అక్కా?" అన్నాడు. కేసు వేద్దామన్నాడు. నాకూ అదే అనుమానం. మొదటి ల్యాబు వాళ్ళైనా తప్పు రాసుండాలి, రెండో వాళ్ళైనా తప్పు రాసుండాలి. ఒక మనిషికి ఒక జబ్బు కదా. రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టుకుని రాత్రంతా చూస్తూ కూచున్నాను. ఒకదాంట్లో సీడీ 20 పాజిటివ్, ఇంకోదాంట్లో సీడీ 3, సీడీ 10, పీడీ 1 పాజిటివ్. వాటి అర్థాలు వెతుక్కుంటూ తెల్లారింది.

డాక్టరు గారు మాత్రం కోప్పడలేదు, ఎవరినీ తప్పు పట్టలేదు. "రెండు బ్లాకులూ ముంబయి టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రిలో ఒకరి చేతే చూపిద్దాం" అన్నారు. బ్లాకు అంటే ఏమిటో అప్పటివరకూ నాకు తెలియదు. తీసిన గడ్డని మైనంలో పోతపోసి దాచిన దిమ్మ. ఆ దిమ్మ నుంచే వెంట్రుకకన్నా ఎంతో పలచగా పొరలు కోసి గాజుపలక మీద అతికించి చూస్తారు. రిపోర్టు ఎవరైనా మార్చి రాయొచ్చు గానీ, బ్లాకు పోతే మళ్ళీ ఆ గడ్డ రాదు. రోగి అడిగితే సంతకం తీసుకుని ఇస్తారు. మొదటి ల్యాబులో గుమాస్తా ఇస్తూ, ఎండలో పెట్టొద్దమ్మా, కరిగిపోతుంది అన్నాడు. మే నెల. బయట నిప్పులు చెరుగుతోంది.

ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టాను. రెండు చిన్న ప్లాస్టిక్ చట్రాలు, పక్కన పెన్సిలుతో అంకెలు, లోపల తెల్లటి మైనం, మైనం మధ్యలో బొటనవేలి గోరుకన్నా చిన్న గోధుమరంగు మచ్చ. అమ్మ చాలాసేపు చూసింది. "ఇదేటి, నాదేనా?" అంది. లేచి వెళ్ళి దువ్విన పత్తి తెచ్చి, వాటి చుట్టూ తనే చుట్టి, స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టి మూత వేసింది. పత్తికి వేడి తొందరగా దిగదు అంది.

బడికి వేసవి సెలవులు కాబట్టి నేనే వెళ్ళాను. విజయనగరంలో రాత్రి కోణార్క్ ఎక్కాను. మర్నాడు సికింద్రాబాద్‌లో తమ్ముడెక్కాడు. రెండు రాత్రులు ఆ డబ్బా నా ఒళ్ళోంచి దించలేదు. పరేల్లో ఆసుపత్రి బయట కాలిబాట మీద మనలాంటి వాళ్ళే, ఫైళ్ళు గుండెకి హత్తుకుని. అన్ని భాషల వాళ్ళూ ఉన్నారు. ఒడియా మాటలు వినపడితే ఇచ్ఛాపురం దాటినట్టనిపించి కాస్త ధైర్యం వచ్చింది. ఇచ్చాము, రసీదు తీసుకున్నాము, వచ్చాము.

మూడు వారాలకి జవాబొచ్చింది. రెండు రిపోర్టులూ నిజమే. మెడ బిళ్ళలో ఒక పక్క పెద్ద పెద్ద బి కణాలు గుంపుగా పరుచుకుని ఉన్నాయి, అవే మొదటి వాళ్ళు చూశారు. అదే బిళ్ళలో ఇంకో పక్క టి కణాల జబ్బు ఉంది. గజ్జల్లో టి కణాలదే పైచేయి, ఈబీవీ ఉన్న బి కణాలు అక్కడక్కడా. రెండు జాతుల కణాల జన్యువుల్ని వేరువేరుగా పరీక్షిస్తే, టి కణాలన్నీ ఒక తల్లి పిల్లలు, బి కణాలన్నీ ఇంకో తల్లి పిల్లలని తేలింది. ఒకటి ఇంకోటిగా మారింది కాదు. ఒకే గడ్డలో రెండు క్యాన్సర్లు. కాంపోజిట్ లింఫోమా అంటారట.

ఆ రోజు డాక్టరు గారు మాకోసం అరగంట కూచున్నారు. బయట వరస ఉన్నా కూచున్నారు. అమ్మకి అర్థమయ్యేలా చెప్పాలని ఆయన కాగితం మీద గీతలు గీస్తుంటే అమ్మే అంది: "కొండపత్తిలో పునాస పత్తి కలిసీసినట్టా బాబూ? దూరం నుండి సూస్తే రెండూ తెల్లగే ఉంటాయి. దువ్వినోళ్ళకే తెలుస్తాది." ఆయన పెన్ను కింద పెట్టేసి, "అంతేనమ్మా" అన్నారు. పాథాలజీ వాళ్ళు దువ్వేది రంగులతో. సీడీ 20 రంగు వేస్తే బి కణాలు గోధుమరంగులోకి తిరుగుతాయి, సీడీ 3 రంగు వేస్తే టి కణాలు. రెండు రంగులూ గడ్డ అంతటా వేసి చూస్తే తప్ప రెండో పత్తి బయటపడదు.

అసలు రెండూ కలిసి ఎందుకొచ్చాయని అడిగాను. ఆయన చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. మన ఒంట్లో టి కణాలు కొన్ని బి కణాలకి సాయం చేసే పని మీదుంటాయి. ఫలానా క్రిమికి మందు తయారుచెయ్యి అని ఎగదోస్తాయి. అమ్మకి చెడింది ఆ సాయం చేసే టి కణమే. చెడ్డాక అది ఆగకుండా బి కణాల్ని ఎగదోస్తూనే ఉంటుంది. అందుకే ఈఎస్సార్ ఆకాశానికంటడం, దద్దుర్లు, చెమటలు. దానికి తోడు ఈబీవీ. 1964లో కనిపెట్టిన ఈ వైరస్ పెద్దవాళ్ళలో నూటికి తొంభై మంది పైన ఒంట్లో నిద్రపోతూ ఉంటుంది, బి కణాల్లోనే. కాపలా కాసే టి కణాలు దారి తప్పాక ఆ వైరస్ లేస్తుంది, అది ఉన్న బి కణాలు పెరుగుతాయి. వాటిలో ఒకటి పట్టు తప్పి రెండో క్యాన్సరవుతుంది. ఈ జబ్బున్న చాలామందిలో టెట్ 2 అనే జన్యువులో మార్పు ఉంటుందట. అది టి కణంలోనే కాదు, ఎముక మూలుగలో ఉన్న మూల కణంలోనే ఉండొచ్చు. అంటే టి, బి అని విడిపోకముందే విత్తనంలో దోషం. 1974లో ఈ జబ్బుని మొదట వర్ణించినప్పుడు దాన్ని క్యాన్సర్ అనే అనుకోలేదట, ఏదో రోగనిరోధక గందరగోళం అనుకున్నారట. శ్రీకాకుళంలో మా డాక్టరుకి టీబీలా కనపడిందంటే నాకిప్పుడు ఆయన మీద కోపం లేదు. టీబీ మందు పని చేయనప్పుడు ముక్క పరీక్షకి పంపలేదనే బాధ మాత్రం పోలేదు.

తమ్ముడు కూడా మెత్తబడ్డాడు. మూడు నెలల ఆర్-చాప్ వృథా కాలేదని, అందులో చాప్ అనే భాగం టి కణాలకి కూడా వాడేదేనని డాక్టరు గారు చెప్పారు. బి జబ్బు లొంగింది, టి జబ్బు సగమే లొంగింది.

మందులు మార్చారు. జెమ్‌సైటబిన్, డెక్సామెథసోన్, సిస్‌ప్లాటిన్, వీటితో పాటు రిటుక్సిమాబ్ అని ముందు అనుకున్నారు. అమ్మ కన్నవారిల్లు సోంపేట పక్కన అని చెప్పగానే డాక్టరు గారు ఆగి, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ చూశారు. సోంపేట ఉన్న ఉద్దానం ప్రాంతపు కిడ్నీ జబ్బుల సంగతి విశాఖలో తెలియని డాక్టరు లేరు. 1.4 ఉంది. సిస్‌ప్లాటిన్ కిడ్నీని దెబ్బతీస్తుంది, వేళ్ళ తిమ్మిరి కూడా పెంచుతుంది. దాని బదులు కార్బోప్లాటిన్ పెట్టారు. పుట్టిన ఊరు చెప్పడం కూడా వైద్యంలో భాగమేనని అప్పుడు తెలిసింది. నాలుగు సార్లు ఇచ్చారు, జూన్ నుంచి ఆగస్టు దాకా. ప్లేట్‌లెట్లు పడిపోయి రెండుసార్లు ఎక్కించాల్సి వచ్చింది. మా బడిలో పని చేసే ఇద్దరు మాస్టార్లు విశాఖ వచ్చి రక్తమిచ్చి వెళ్ళారు.

సెప్టెంబరు స్కాన్‌లో ఎక్కడా వెలుగు లేదు. మూల కణాల మార్పిడి గురించి మాట్లాడారు. వయసు, కిడ్నీ, గుండె పరీక్ష అన్నీ చూసి, అమ్మనూ అడిగి, వద్దనుకున్నాం. ఈ జబ్బు తిరిగొచ్చే స్వభావం ఉన్నదని దాచకుండా చెప్పారు. తిరిగొస్తే టి వస్తుందో, బి వస్తుందో, రెండూనో తెలియదు కాబట్టి, ఎప్పుడు ఏ బిళ్ళ కట్టినా పాత రిపోర్టుని నమ్ముకోకుండా మళ్ళీ ముక్క తీయాల్సిందేనన్నారు. అది ఫైలు మొదటి పేజీ మీద ఎర్ర సిరాతో రాయించుకున్నాను.

ఆ స్కాన్ అయి పద్నాలుగు నెలలైంది. మూడు నెలలకోసారి ప్యాసింజరెక్కి వెళ్ళొస్తున్నాం. రెండు బ్లాకులూ ల్యాబులకి తిరిగిచ్చేశాను, రసీదులు నా దగ్గరున్నాయి. అమ్మ బరువు ఐదు కిలోలు పెరిగింది. వేళ్ళ కొసల తిమ్మిరి పూర్తిగా పోలేదు. నూరో నంబరు తీయలేకపోతోంది. అరుగు మీద వెలుతురు బాగా ఉన్న వేళ చూసుకుని కూచుంటుంది. చేతికి తెలియని పోగుని కంటితో చూస్తూ తీస్తుంది. నిన్న సాయంత్రం ఒక కదురు నిండా తీసింది, మధ్యలో మూడుసార్లే తెగింది. లెక్కపెట్టి నాకు చెప్పింది.